మందు ధర పెంచితే తగ్గేది తాగుడా, పొయ్యి మీద నూనెనా?

నలభై రోజుల లాక్‌డౌన్ తర్వాత 2020 మే 4న ఆంధ్రప్రదేశ్‌లో మద్యం షాపులు తెరిచారు. తెరిచిన రోజే ధర 25 శాతం పెరిగింది. మర్నాడు ఇంకో 50 శాతం. వంద రూపాయల సీసా రెండు రోజుల్లో నూట డెబ్బై ఐదు అయిపోయింది. జనం చేత తాగుడు మాన్పించడానికే పెంచామని ప్రభుత్వం చెప్పింది.

పాతపట్నం దగ్గర మా ఊళ్ళో అమ్మకు చిన్న కిరాణా కొట్టు ఉంది. అప్పుడు నాకు పని లేదు. సాయంత్రం పూట కొట్లో కూర్చుని ఖాతా పుస్తకం రాసేవాణ్ణి. మా వీధి చివర ఒక తాపీమేస్త్రీ ఉన్నాడు, రోజూ తాగే మనిషి. ఆ ఇంటి పేజీలో మార్చికి ముందు వారానికో లీటరు నూనె ప్యాకెట్, కిలో కందిపప్పు, అర డజను గుడ్లు ఉండేవి. పనులు మళ్ళీ మొదలై, ఆయన చేతికి కూలి డబ్బులు వస్తున్న జూలై నెలలో చూస్తే లీటరు పోయి పావు లీటరు విడి నూనె వచ్చింది. పప్పు అరకిలో అయింది. గుడ్లు లేవు. ఆయన భార్య సరుకులకు వచ్చినప్పుడు నేను ఏదో అడగబోతే తనే అంది: "మా ఇంటాయన మందు మానలేదు బావూ, మేమే నూనె మానీసినాం."

అదే పుస్తకంలో ఇంకో పేజీ ఉంది. ఆటో నడిపే కుర్రాడు, పాతికేళ్ళు ఉంటాయి. ఆదివారం ఆదివారం స్నేహితులతో కూర్చునేవాడు. ధర పెరిగాక నలుగురూ కలిసి కూర్చోవడమే తగ్గించేశారు. ఆగస్టు నాటికి ఆ ఇంటి పాత బాకీ తీరిపోయింది.

మందు ధర పెంచితే తాగుడు తగ్గుతుందా అని ఎవరు అడిగినా నాకు ఈ రెండు పేజీలే గుర్తొస్తాయి. తగ్గుతుందనేవాళ్ళు ఆటో కుర్రాణ్ణి చూసి చెబుతారు. తగ్గదనేవాళ్ళు మేస్త్రీని చూసి చెబుతారు. ఇద్దరి మాటా నిజమే. అందుకే ఈ వాదన ఎప్పటికీ తెగదు.

పరిశోధనలు చెప్పేది కూడా ఇదే. ధరకూ తాగుడుకూ ఉన్న సంబంధం మీద వచ్చిన 112 అధ్యయనాలను అమెరికా పరిశోధకులు ఒకచోట చేర్చి 2009లో లెక్క తేల్చారు. ధర పది శాతం పెరిగితే మొత్తం వినియోగం సుమారు ఐదు శాతం తగ్గుతుంది. కానీ బాగా ఎక్కువగా తాగేవాళ్ళలో ఆ తగ్గుదల మూడు శాతం లోపే. ఆ అంకెల్ని ఒక ఇంటి లెక్కలో పెట్టి చూడండి. నెలకు మూడు వేలు మందుకు పెట్టే మనిషి ఉన్నాడు. ధర పది శాతం పెరిగింది, ఆయన మూడు శాతం తగ్గించాడు. ఇప్పుడు ఆయన ఖర్చు మూడు వేల రెండు వందలు. కాస్త తక్కువ తాగాడు, ఇంటికి ఇచ్చేది ఇంకో రెండు వందలు తగ్గింది. మేస్త్రీ ఇంట్లో నూనె ఎక్కడికి పోయిందో ఈ లెక్కలో ఉంది.

అలాగని ఆ మూడు శాతాన్ని తీసిపారేయకూడదు. కాలేయం విషయంలో తాగే మోతాదు పెరిగేకొద్దీ ప్రమాదం ఇంకా వేగంగా పెరుగుతుంది. అందుకే బాగా తాగే మనిషి కొద్దిగా తగ్గించినా ఆ మేరకు ప్రాణానికి మేలే. స్కాట్లాండ్‌లో 2018 మే నెలలో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. సీసాలో ఎంత ఆల్కహాల్ ఉందో దాన్ని యూనిట్లుగా లెక్కగట్టి, యూనిట్ 50 పెన్స్‌కు తక్కువ ధరకు ఎవరూ అమ్మకూడదన్నారు. మద్యం అమ్మకాలు మొత్తమ్మీద మూడు శాతం తగ్గాయి. మద్యం వల్లనే జరిగే మరణాలు, చట్టం లేకపోతే ఉండేవాటితో పోలిస్తే 13 శాతం తగ్గాయని 2023లో తేల్చారు. తగ్గుదల ఎక్కువగా పేదవాళ్ళు ఉండే ప్రాంతాల్లోనే కనిపించింది. కానీ మద్యానికి బానిసైన వాళ్ళు తాగడం తగ్గించారనడానికి గట్టి ఆధారం దొరకలేదని, వాళ్ళలో కొందరు తిండి ఖర్చు తగ్గించుకుని తాగారని కూడా ఆ పరిశీలనలోనే రాశారు. అక్కడి వాళ్ళు మానుకున్నది నూనె కాకపోవచ్చు, జరిగింది మాత్రం అదే. కోవిడ్ తర్వాత అక్కడ మరణాలు మళ్ళీ పెరిగాయి. అయినా వాళ్ళు చట్టాన్ని వదలకుండా 2024లో ఆ 50ని 65 పెన్స్ చేశారు.

స్కాట్లాండ్ పద్ధతిలో మనం నేర్చుకోవలసింది ఆ లెక్క కట్టే తీరు. వాళ్ళు సీసాకు కాదు, సీసాలోని ఆల్కహాల్‌కు ధర కట్టారు.

మన క్వార్టరు సంగతి చూద్దాం. 180 మిల్లీలీటర్లు. విస్కీ అయినా బ్రాందీ అయినా సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. అంటే లోపల అచ్చమైన ఆల్కహాల్ 77 మిల్లీలీటర్లు, తూకంలో సుమారు 60 గ్రాములు. ఒక్క పూటలో 60 గ్రాములు, ఆపైన తాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అతిగా తాగడం కింద లెక్కేస్తుంది. మన దగ్గర "ఆడు పెద్దగా తాగడు, ఒక్క క్వార్టరే" అంటామే, ఆ ఒక్క క్వార్టరే ఆ గీత దగ్గర ఉంది. ఇక ధర. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త విధానంలో 99 రూపాయలకే క్వార్టరు తెచ్చారు. గ్రాము ఆల్కహాల్ రూపాయి అరవై ఐదు పైసలు పడింది. ఐదు శాతం ఉండే పెద్ద బీరు సీసాలో ఆల్కహాల్ 25 గ్రాములు. ఆ బీరు నూట యాభై అనుకుంటే గ్రాము ఆరు రూపాయలు. అంటే మత్తు త్వరగా ఎక్కేదే అన్నిటికంటే చవక. ఏడొందల కూలి తెచ్చుకునే మనిషికి ఈ క్వార్టరు గంటా పావు పని కూడా కాదు. కూలి ఏటా పెరుగుతూ సీసా ధర అక్కడే ఆగితే, ఎవరూ తగ్గించకుండానే మందు చవకైపోతున్నట్టు.

నకిలీ మద్యాన్నీ సారానూ అరికట్టడానికి చవక మందు ఉండాలనేది దీని వెనకున్న వాదన. ఆ వాదనను మా ప్రాంతం వాళ్ళు తేలిగ్గా తీసుకోలేరు.

పాతపట్నం నుంచి పర్లాకిమిడికి నడిచి కూడా పోవచ్చు. మధ్యలో రాష్ట్రం మారుతుంది, చుట్టరికాలు మారవు. మెళియాపుట్టి, మందస, భామిని వైపు ఊళ్ళకు కొండలు దాటితే ఒడిశానే. ఇచ్ఛాపురంలో అయితే సరిహద్దు ఊరికి ఆనుకునే ఉంది. ఇక్కడ షాపులో ధర పెరిగిన మర్నాటి నుంచే కొండ మీద నుంచి సారా దిగుతుంది. నల్లబెల్లాన్ని నీళ్ళ డ్రమ్ముల్లో వేసి నాలుగైదు రోజులు పులియబెడతారు. త్వరగా పులియాలని కొందరు యూరియా, నవసారం కూడా వేస్తారు. ఆ ఊటను కాచి, ఆవిరిని చల్లార్చి పడతారు. పెట్టుబడి బెల్లం, కట్టెలు. పన్ను లేదు. అందుకే ప్రభుత్వం సీసా ధర ఎంత పెంచితే సారాకు అంత గిరాకీ. ఎక్సైజ్ వాళ్ళు డ్రమ్ములు పగలగొట్టి ఊటను నేల మీద పారబోస్తున్న ఫొటోలు మన జిల్లా పేజీల్లో తరచూ చూస్తూనే ఉంటాం.

మన దేశంలో తాగే ఆల్కహాల్‌లో దాదాపు సగం లెక్కల్లోకి రానిదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నివేదిక చెప్పింది. సారా, కల్లు, దొంగచాటు సరుకు అన్నీ అందులోవే. షాపు అమ్మకాలు పడిపోయాయని సంబరపడితే ఈ సగాన్ని మరిచిపోయినట్టే. ఇంకో విషయం. బెల్లం ఊట నుంచి వచ్చిన సారాలో మనిషిని చంపేంత మిథనాల్ మామూలుగా ఉండదు. ఊళ్ళకు ఊళ్ళు ఏడ్చే ఘటనలు ఎక్కువగా పరిశ్రమల స్పిరిట్ కలిపినప్పుడే జరుగుతాయి. 2020 జూలై ఆఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో పది మందికి పైగా శానిటైజర్ తాగి చనిపోయారు. ఆ తర్వాత సెప్టెంబరులో ప్రభుత్వమే చవక రకాల ధరలు కొంత తగ్గించింది. శానిటైజర్లు తాగడం, పక్క రాష్ట్రాల సరుకు రావడం కారణాలుగా చెప్పింది. 2021 డిసెంబరులో పన్నులు తగ్గించి మరోసారి ధరలు దించింది. అంటే రెండేళ్ళ లోపు ఎక్కిన మెట్లు కొన్ని దిగాల్సి వచ్చింది.

నిషేధం కూడా మన రాష్ట్రం చూసిందే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారాకు ఎదురు తిరిగారు. ఆ ఉద్యమం ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా అమ్మకాలు ఆగాయి. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో సడలించారు. నిషేధం ఎందుకు నిలవలేదన్నది వేరే పెద్ద కథ. ఇక్కడ నాకు కావలసింది ఒక్కటే: ఆ ఉద్యమంలో ఆడవాళ్ళు ధర పెంచమని అడగలేదు, ఊళ్ళోంచి దుకాణం తీసేయమన్నారు. తాగుబోతు మొగుడితో కాపురం చేసిన మనిషికి ఆ తేడా బాగా తెలుసు.

ఆ తేడా ఏమిటో బెల్టు షాపును చూస్తే అర్థమవుతుంది. షాపులో ఉన్న ధర మీద క్వార్టరుకు ఇరవయ్యో ముప్పయ్యో ఎక్కువ వేసి ఊళ్ళో అమ్ముతారు. అంటే ఇరవై, ముప్పై శాతం ఎక్కువ. అయినా జనం అక్కడే కొంటున్నారు. ఎందుకంటే అది వీధి మలుపులో ఉంది. అసలు షాపు పదింటికి గానీ తెరవరు, ఇక్కడ తెల్లవారుజామున తలుపు కొట్టినా ఇస్తారు. అన్నిటికంటే ముఖ్యం, అప్పు ఇస్తారు. అప్పు మీద తాగేవాడికి తాగే గంటలో ధర ఎంతైనా ఒకటే. ధర తెలిసేది శనివారం బట్వాడా రోజున, అది కూడా ఇంటి దగ్గర. కొన్ని ఊళ్ళలో ఈ బెల్టు షాపు పెట్టుకునే హక్కును పెద్దలే వేలం పాట వేసి, ఆ డబ్బు గుడికో పండగకో వాడతారు. ఆ పాట పాడినవాడు పెట్టిన లక్షలు రాబట్టుకోవాలంటే రోజూ తాగేవాళ్ళు ఊళ్ళో ఉండాలి. గుడి కట్టడం మంచిదే. ఆ సిమెంటులో ఎవరి ఇంటి నూనె ఉందో మాత్రం పెద్దలు ఒక్కసారి ఆలోచించాలి.

అంటే బెల్టు షాపు ప్రతి ఊళ్ళో రోజూ ఒక విషయం రుజువు చేస్తోంది. పాతిక శాతం ఎక్కువ ధర రోజూ తాగేవాణ్ణి ఆపలేదు. దూరం, వేళ, అప్పు దొరక్కపోవడం ఆపగలవు. సీసా ధర పెంచుతూ బెల్టు షాపును వదిలేస్తే, కష్టపడి వేసిన కట్టకు కింద కన్నం ఉంచినట్టే.

ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వచ్చిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వాళ్ళలో 5.7 కోట్ల మందికి తాగుడు సమస్యగా మారింది, సాయం అవసరం. ఆ 5.7 కోట్లలో సగం మంది, అంటే 2.9 కోట్లు, పూర్తిగా బానిసలైనవాళ్ళు. తాగుడు సమస్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది. తాగుబోతు అని ఒకే మాటతో పిలుస్తాం గానీ, ఆ 16 కోట్ల మీద ధర పని చేసే తీరు వేరు, ఆ 2.9 కోట్ల మీద పని చేసే తీరు వేరు.

ఏళ్ళ తరబడి రోజూ తాగిన మనిషి మెదడు మందుకు సర్దుకుపోతుంది. మందు మెదడును మందగింపజేస్తుంది కాబట్టి, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగాన్ని పెంచుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగితే ఆ వేగం మాత్రం మిగిలిపోతుంది. పొద్దున్నే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం, గుండె దడ. కొందరికి ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. మూడు నాలుగు రోజులకు లేనివి కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం. చికిత్స లేకపోతే ప్రాణం పోవచ్చు. 2020 లాక్‌డౌన్‌లో షాపులు మూసినప్పుడు ఇలాంటివి చూసే కేరళ ప్రభుత్వం డాక్టరు చీటీ ఉన్నవాళ్ళకు మద్యం ఇద్దామనుకుంది, హైకోర్టు ఆపింది. ఈ స్థితిలో ఉన్నవాడు సీసా ముందు నిలబడి ధర చూడడు. వణుకు ఆగితే చాలనుకుంటాడు.

మా మేస్త్రీ విషయంలో ఇది కళ్ళారా చూశాను. 2022 నవంబరులో ఆయన అయ్యప్ప మాల వేసుకున్నాడు. మా వైపు చాలామంది మగవాళ్ళు ఏడాదిలో మందు ముట్టని రోజులంటే ఆ నలభై ఒక్క రోజులే. డెబ్బై ఐదు శాతం పెంపు చేయలేని పని మాల చేస్తుంది, ఎందుకంటే ఆ రోజుల్లో ఊరంతా ఆయన్ని "స్వామీ" అని పిలుస్తుంది, పీఠంలో పది మంది తోడు ఉంటారు. కానీ ఆయన రోజుకు రెండు క్వార్టర్ల మనిషి. మూడో రోజు పొద్దున బావి దగ్గర చన్నీళ్ళ స్నానం చేస్తూ పడిపోయాడు. దేవుడికి కోపం వచ్చిందన్నారు కొందరు. అవి ఫిట్స్. శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. పది రోజులు ఉంచి, వణుకు తగ్గే మందులిచ్చి, బి విటమిన్ ఇంజక్షన్లు చేసి పంపారు. రోజూ తాగే మనిషి మానాలనుకుంటే, మాలకైనా మొక్కుకైనా, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఈ ఒక్క ముక్క ప్రతి గురుస్వామికీ తెలిస్తే బాగుండునని ఆ రోజు అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. ధర పెంచాలి. 99 లాంటి ధరకు క్వార్టరు దొరక్కూడదు. అయితే ఒక్క రాత్రిలో 75 శాతం కాదు, కూలీతో పాటు ఏటా కొంచెం కొంచెంగా, సీసాను చూసి కాదు లోపలి గ్రాములను చూసి. దీనివల్ల లాభపడేది ముఖ్యంగా ఆటో కుర్రాడి లాంటివాళ్ళు, ఇంకా మొదలుపెట్టని ఇంటర్ పిల్లలు. రేపటి మేస్త్రీలు తయారు కాకుండా ఆపడానికి ధర మంచి ఆయుధం. ఇవాళ్టి మేస్త్రీకి మాత్రం అది మందు కాదు. ఆయన కోసం బెల్టు షాపు మూయాలి, ఒడిశా వాళ్ళతో కలిసి రెండు వైపులా సారా ఆపాలి, పెంచిన ధరలో వచ్చిన డబ్బులో కొంత చికిత్సకు విడిగా పెట్టాలి. ఈ మూడోది అంత తేలిగ్గా జరగదు. మద్యం డబ్బు మీద రాష్ట్రం నడుస్తోంది. 2022లో మద్యం అమ్మే ప్రభుత్వ కార్పొరేషనే బాండ్లు అమ్మి అప్పు తెచ్చింది. ఆదాయం కోసం పెంచే ధరకూ ఆరోగ్యం కోసం పెంచే ధరకూ తేడా, ఆ డబ్బు తర్వాత ఎక్కడికి వెళ్ళిందో చూస్తే తెలుస్తుంది.

తాగడానికి ఎంత ఖర్చవుతుందో అందరూ మాట్లాడతారు. మానడానికి ఎంతవుతుందో ఎవరూ లెక్కగట్టరు. మేస్త్రీకి ఆసుపత్రిలో మందులు ఉచితమే. కానీ నెలకోసారి చూపించుకోవాలి. మా ఊరి నుంచి శ్రీకాకుళం యాభై కిలోమీటర్లకు పైనే. వెళ్ళిన రోజు ఆయన కూలి పోయింది, తోడు వెళ్ళిన భార్య కూలి పోయింది, బస్సు, టీ, భోజనం. రెండు కూలీలూ కలిపితేనే వెయ్యి దాటిపోతుంది. బెల్టు షాపు ఇంటికి యాభై గజాలు. 2023 కనుమ రోజున ఆయన మళ్ళీ తాగాడు. భార్య మళ్ళీ తీసుకెళ్ళింది. ఇలా మూడుసార్లు జరిగింది. డాక్టరు తిట్టలేదని, ఇది బీపీ, షుగరు లాంటిదే, మళ్ళీ మళ్ళీ రావాల్సిందే అన్నాడని ఆవిడ అమ్మతో చెప్పింది. తాగుడు మానాలనుకునేవాళ్ళకు సాయం చేసే 14446 అనే ఉచిత నంబరు ఉందని నేను చెప్తే ఖాతా పుస్తకం అట్ట వెనక రాయించుకుంది.

2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక ఆవిడ టికెట్టు డబ్బులు మిగులుతున్నాయి. టెక్కలిలోనో పాతపట్నంలోనో వారానికి ఒక్క రోజు ఆ డాక్టరు కూర్చుంటే రెండు కూలీలూ మిగులుతాయని అంటుంది. మొన్న వచ్చినప్పుడు అర లీటరు నూనె పట్టుకెళ్ళింది.